బూడిద మూలలో ఇల్లు

మా మూలింటి వదిన పోయింది. గురువారం పొద్దున్నే పంపు దగ్గర వరసలో ఆమె బిందె కనపడకపోయేసరికి నాకు దడ మొదలైంది. నాకు దడ ఊరికే వస్తుందని వీధిలో అందరికీ తెలుసు. "పడుకుని ఉంటదిలే పిన్నీ" అని తీసిపారేశారు. నేనే వెళ్ళి తలుపు తోశాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో నా భయాలన్నీ ఉత్తివే అయ్యాయి. ఇదొక్కటీ కాలేదు.

వదిన అంటున్నానే గానీ ఆమె నాకు చుట్టం కాదు. వాళ్ళది దివిసీమ, ఆదివారం ప్రార్థనకు వెళ్ళే కుటుంబం. మాది పామర్రు దగ్గర పల్లె, కులం వేరు, దేవుడు వేరు. బందరులో కాలవ గట్టు మీద పక్కపక్క గుడిసెల్లో ఉన్నప్పుడు వరస కలిసింది. ఆమె బియ్యం మిల్లులో చెరిగే పనికి వెళ్ళేది. నేను ఇంట్లోనే కూర్చుని రోల్డ్ గోల్డు గొలుసులకు కొక్కేలు బిగించేదాన్ని. ఆమెకు పిల్లలు లేరు, భర్త అప్పటికే పోయాడు. నా పిల్లలు ఆమె గుడిసెలోనే ఎక్కువ తిన్నారు.

కాలవ వెడల్పు చేస్తున్నాం, గుడిసెలు తీసెయ్యాలి అని సర్కారు వాళ్ళు ఒకరోజు వచ్చి చెప్పారు. ఊరికి చాలా దూరంగా, ఉప్పు కొటార్ల అవతల స్థలాలు ఇస్తామన్నారు. మా వాళ్ళు అదే పదివేలనుకున్నారు. నాకు మాత్రం అన్నం సహించలేదు. అంత దూరం నాకు గొలుసుల పని ఎవరు తెచ్చిస్తారు? పిల్లలు బడికెలా వెళ్తారు? జ్వరమొస్తే ఆసుపత్రి ఏది? వదిన నా గోలంతా విని, "ఏడుస్తావేంటే మరదలా, ఊళ్ళోనే అడుగుదాం పద" అంది.

ఊళ్ళో మార్కెట్టు వెనక ఒక పెద్ద గుంట ఉండేది. సర్కారు స్థలమే. నిండా తుమ్మ మొక్కలు, చెత్త, పందులు. ఆడవాళ్ళం కొందరం వదిన వెనకాల పట్టాలిచ్చే ఆఫీసుకు వెళ్ళి ఆ గుంట అడిగాం. అక్కడి ఆఫీసరు గారు మంచివారే, కానీ నవ్వారు.

"అది గుంట కదమ్మా! వానాకాలం అందులో పడవ వేసుకుని తిరగాలి."

"గుంట కాబట్టే మిగిలిందండీ. మెరకైతే మా దాకా వచ్చేదా అండీ?" అంది వదిన.

"ఎవరు పూడుస్తారు?"

"మేమేనండీ. మీరు ఊఁ అనండి చాలు."

నేను వెనక నిలబడి ఆమె చీర కొంగు లాగుతున్నాను, ఎక్కువ మాట్లాడుతోందని. ఆయన వెంటనే ఊఁ అనలేదు. చాలాసార్లు తిరిగాక, పూడ్చి చూపిస్తే పట్టాలిస్తామన్నారు.

అప్పుడు వదిన ఒక కట్టు పెట్టింది. గుంట మొత్తం పూడేదాకా ఎవరి జాగా ఏదో ఎవరికీ తెలియకూడదు. పూడ్చాకే బిందెలో చీటీలు వేసి తీసుకోవాలి. రిక్షా తొక్కే బావ ఒకాయనకు కోపం వచ్చింది.

"నా జాగా ఏదో చెప్పు, వారంలో పూడ్చి పారేస్తాను."

"అందుకే చెప్పను బావా. నీది నువ్వు పూడ్చుకుని, అవతల ముసలమ్మది గుంటగా వదిలేస్తావు."

"నేనంత ఎదవనా?"

"నువ్వే కాదు బావా, నేనూ అంతే."

ఆ మాటకు అందరూ నవ్వారు గానీ, కట్టు నిలిచింది. ఏ మూల తనకొస్తుందో తెలియదు కాబట్టి ప్రతివాళ్ళూ ప్రతి మూలా తమదే అన్నట్టు పోశారు. పనికి వెళ్ళినవాళ్ళు ఒట్టి చేతులతో రావడం మానేశారు. ఎక్కడ పాత గోడ పడగొట్టినా పెళ్ళలు గంపలకెత్తుకుని తెచ్చేవాళ్ళం. వదిన ప్రార్థన నుంచి తెల్లచీరలో వస్తూ ఒక చేతిలో బైబిలు, ఇంకో చేతిలో విరిగిన ఇటుక పట్టుకుని వచ్చేది. "దేవుడి దగ్గరకు వెళ్ళి ఇటుక తెచ్చావా వదినా?" అంటే, "ఆయన ఇచ్చిందే, దారిలో పెట్టాడు" అనేది. ఆ అలవాటు ఆమెకు చివరిదాకా పోలేదు. నడుస్తూ ఎప్పుడూ నేలే చూసేది.

ఆఖరి మూల చాలా లోతు. ఎంత పోసినా మింగేసేది. ఎండలు ముదిరాయి, ఒళ్ళు హూనమైపోయింది. అప్పుడు వదిన మిల్లులో మాట్లాడి ఊక బూడిద తెప్పించింది. మిల్లువాళ్ళకూ అది వదిలించుకోవాల్సిన సరుకే. ట్రాక్టర్లు వచ్చి కుమ్మరించి పోయాయి. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ మూల మిగతా నేలతో సమానమైంది. మేం ఆడవాళ్ళం ఆ బూడిద మీద నిలబడి, నల్లటి కాళ్ళతో, పెళ్ళిలో లాగా నవ్వుకున్నాం. నాకొక్కదానికే అది మరీ మెత్తగా ఉందనిపించి, "ఇది నిలుస్తుందా వదినా?" అని అడిగాను. "నీకు రాయి మీద నిలబెట్టినా అనుమానమే" అంది.

తొలివానలకు ఆ మూల కూర్చుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతోంది. మట్టిలా గట్టిపడాల్సింది పోయి, నానిన అటుకుల్లా అణిగిపోయింది. మళ్ళీ పూడ్చే ఓపిక ఎవరికీ లేదు. చీటీల రోజున అందరి ముఖాల్లోనూ ఒకటే భయం, ఆ మూల ఎవరి నెత్తిన పడుతుందోనని. నేనైతే దణ్ణాలు పెట్టుకుంటూనే ఉన్నాను.

వదిన బిందె దగ్గరకు వచ్చి, చీటీలు కలపకముందే ఆ మూల చీటీ ఏరి బొడ్లో దోపుకుంది.

"ఇది నాది. మిగతావి తియ్యండి."

ఆమే కట్టు తప్పితే రేపు అందరూ తప్పుతారని నాకు భయం వేసింది. "కట్టు పెట్టిందీ నువ్వే, తప్పిందీ నువ్వేనా?" అని అరిచాను.

"మంచి జాగా కోసం తప్పితే అప్పుడడుగు. బూడిద తెచ్చింది ఎవరు? నేనేగా?"

రిక్షా బావ తల వంచుకుని చీటీ తీశాడు. ఆడవాళ్ళ పేర్ల మీదే పట్టాలు వచ్చాయి. మేం ఊళ్ళోనే ఉండిపోయాం. నా పిల్లలు నడిచి బడికి వెళ్ళారు.

వదిన ఇల్లు ఏటా కుంగేది. ఏటా లోపల మట్టి పోసి, అలికి, నేల లేపుకునేది. కప్పు మాత్రం అక్కడే ఉండేది. అలా లేపీ లేపీ ద్వారం పొట్టిదైపోయింది. ఓట్లకు వచ్చిన పెద్దమనిషి ఒకాయన నుదురు గుమ్మానికి కొట్టుకుంటే, "మా ఇంటికి ఎంతటివాళ్ళైనా వంగే రావాలండీ" అని పసుపు తెచ్చి అద్దింది.

ఈమధ్య మార్కెట్టు చుట్టూ స్థలాలకు గిరాకీ పెరిగింది. మా వీధిలో కొందరు అమ్ముకుని వెళ్ళిపోయారు. ఎవరి కష్టాలు వాళ్ళవి, నేను తప్పనను. రిక్షా బావ కూడా కూతురి ఆపరేషనుకు అమ్మేశాడు. కొన్నవాళ్ళు లారీలతో కంకర తోలించి ఎత్తుగా డాబాలు కట్టారు. వాళ్ళ వాననీళ్ళన్నీ పల్లానికి, అంటే వదిన మూలకే. వానొస్తే ఆమె బకెట్టు తీసుకుని ఇంట్లో నీళ్ళు తోడి వెనక మురుగు కాలవలో పోస్తూ ఉండేది. ఈ వయసులో ఎందుకు, మా ఇంట్లో ఉండు అని ఎన్నిసార్లు పిలిచానో.

"ఇల్లు వదిలేస్తే గుంట మళ్ళీ గుంటే అవుద్దే" అనేది.

శుక్రవారం సమాధుల తోటకు తీసుకువెళ్ళాం. గుడివాడ నుంచి ఆమె తమ్ముడి కొడుకు వచ్చాడు. మర్యాదైన మనిషి. అంతా సవ్యంగా జరిపించి, వెళ్ళేటప్పుడు తలుపుకు తాళం వేశాడు.

"ఇంట్లో ఎవరన్నా ఉంటారా బాబూ?" అని అడిగాను.

"ఎవరుంటారు అత్తయ్యా ఈ నీళ్ళల్లో? ఎవరో అడుగుతున్నారు, ఇచ్చేద్దామనుకుంటున్నా."

బస్సు ఎక్కే ముందు నా కాళ్ళకు దణ్ణం పెట్టి వెళ్ళాడు.

శనివారమంతా వాన. ఆదివారం తెల్లారి చూస్తే ఆడవాళ్ళు అందరూ గుమ్మాల్లో నిలబడి మూలింటి వైపే చూస్తున్నారు. "తాళం పగలగొట్టి తోడదామా పిన్నీ?" అంది పక్కింటి కోడలు. "ఒకళ్ళు వేసిన తాళం మనం ఎట్లా తీస్తాం?" అంది ఇంకొకామె. ఎవరూ కదల్లేదు, నేనూ కదల్లేదు. తాళం వేసిన ఆ తలుపు కింద నుంచి బూడిదరంగు నీళ్ళు సన్నగా వీధిలోకి వస్తున్నాయి, లోపల ఎవరో ఇల్లు కడిగి బయటికి తోస్తున్నట్టు.