ఎవురు కొట్టినారు పాపా

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి వచ్చే సాయంత్రం బండిలో, నా పక్కన కూర్చున్న ఒకావిడ ఫోనులోంచి ఆ పాట వినిపించింది. ఇరవై రెండేళ్ల తర్వాత వింటున్నాను. పల్లవి పూర్తి కాకముందే నా కుడిచెయ్యి తనంతట తానే ఆ ఫోను వైపు సాగింది, సౌండు పెంచడానికి. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి ఫోను కొంగు చాటున పెట్టుకుంది. దొంగననుకుంది. ఆవిడ తప్పేమీ లేదు.

అది ఒక తమిళ సీరియల్ మొదట్లో వచ్చే పాట. చిన్నప్పుడు ఆ సీరియలంటే నాకు ప్రాణం. దాని కోసం బడిలోనే హోంవర్కు ముగించుకొని వచ్చేదాన్ని. అందులోని అమ్మాయిలా పాపిట పక్కకు తీసుకొని అవ్వ చేత తిట్లు తినేదాన్ని. నేను సర్దిచెప్పి అడిగితే, మొత్తం భాగాలన్నీ ఫోనులో దొరుకుతున్నాయని ఆవిడే చూపించింది. నేను తిరువళ్ళూరులో ఒక బట్టల కొట్టులో చీరలు చూపిస్తాను. రోజూ పొద్దున పోయి సాయంత్రం ఇదే బండిలో వస్తాను. మర్నాడే ఇయర్‌ఫోన్లు పెట్టుకొని మొదటి భాగం మొదలుపెట్టాను.

ఆ సీరియల్ గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ కూర్చునే తీరు చెప్పాలి.

మాది పళ్ళిపట్టు దగ్గర నేతవాళ్ళ వీధి. అందరం తెలుగు మాట్లాడేవాళ్ళమే. ఇళ్ళన్నీ ఒకదాని గోడను ఒకటి ఆనుకొని ఉండేవి. పగలంతా మగ్గాల చప్పుడు, ఎవరు ఎంత అరిచినా పక్కింటికి వినపడదు. చీకటి పడి మగ్గాలు ఆగితే మాత్రం పక్కింట్లో చెంబు కింద పెట్టినా వినిపిస్తుంది. ఏడున్నరకు వీధి వీధంతా అదే సీరియల్ పెట్టేది. ఆ అరగంటసేపు మళ్ళీ ఎవరికీ ఏమీ వినపడదు. ఆ అరగంటను మా నాయన బాగా వాడుకున్నాడు.

అమ్మ పని కండెలు చుట్టడం. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ ఇంకో చేతి వేళ్ళ మధ్య నుంచి నూలును కండెకు ఎక్కించాలి. పోగు తెగితే వేళ్ళకు తెలుస్తుంది కానీ సన్నటి ముడి కంటికే తెలుస్తుంది. కండెలో ముడి ఉంటే దాన్ని మోసుకొని నాడె మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు పేక, అంటే అడ్డపోగు, తెగుతుంది, చీరలో మచ్చ పడుతుంది, షావుకారు చీర వెనక్కి కొడతాడు. అందుకని ముడి దొరికిన రోజు నాయన అమ్మను కొట్టేవాడు. తాగి వచ్చిన మనిషికి ముడి దొరకని రోజంటూ ఉండేది కాదు. అమ్మ నూలు మీంచి తల ఎత్తడానికి లేదు. లైటు గుమ్మం దగ్గర, టీవీ లోపలి గోడకు. టీవీకి వీపు పెట్టి, గుమ్మం వైపు తిరిగి కూర్చునేది. మూడేళ్లు నడిచిన సీరియల్‌ను ఆమె ఒక్క రోజు కూడా కళ్ళతో చూడలేదు.

చూసేది నేను, చూసి చెప్పేది నేను. చుట్టిన కండె సరిగ్గా తిరుగుతుందో లేదో నాడెలో పెట్టి చూసి బుట్టలో వేయడమూ నా పనే. మాటలు అమ్మకు అర్థమయ్యేవి, తమిళం మాకు పరాయి భాష కాదు. మాటలు లేని చోటే నాతో పని పడేది. ఆ సీరియల్లో మాటలు లేని చోటల్లా చెంపదెబ్బలే. ఒక్కో దెబ్బను మూడు పక్కల నుంచి మూడుసార్లు చూపించేవాళ్ళు, మధ్యలో ఉరుములు.

"ఎవురు కొట్టినారు పాపా?" అని అమ్మ అడిగేది.

మొదట్లో నిజమే చెప్పేదాన్ని. మొగుడు మా. అత్త మా. ఆడబిడ్డ మా. అమ్మ "ఊ" అని రాట్నం తిప్పేది. ఒకరోజు అమ్మ బుగ్గ మీద నాయన వేళ్ళు నాలుగూ కనిపిస్తున్నాయి. టీవీలో దెబ్బ పడింది. అమ్మ అడిగింది. నాకు నిజం చెప్పబుద్ధి కాలేదు.

"ఆ పిల్లే మా. మొగునికి ఒకటిచ్చినాది."

రాట్నం ఆగింది. "అట్నా? గెట్టిగా కొట్టినాదా?"

"వాడు పొయ్యి గోడకు తగులుకున్నాడు మా."

అమ్మ భుజాలు కదిలాయి. నవ్వుతోంది. అమ్మను నవ్వించడం నా వల్ల అవుతుందని ఆ రోజు తెలిసింది, ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఆ అమ్మాయి చేత మొగుణ్ణి అట్లకాడతో కాల్పించాను. అత్త కళ్ళలో కారం కొట్టించాను. ఆడబిడ్డను మెట్ల మీంచి తోయించాను. మా ఇంట్లో నడిచిన సీరియల్ ఆ వీధిలో ఇంకెవరింట్లోనూ రాలేదు.

గుమ్మం బయట నాయన చెప్పుల చప్పుడు వినగానే, మూలన పడుకొన్న అవ్వ, అంటే నాయన తల్లి, "సౌండు పెంచు మే" అనేది. వీధిలో పరువు పోకూడదు కదా. నేను లేచి పెంచేదాన్ని. రోజూ, మూడేళ్లు, ఈ కుడిచేత్తోనే.

నాకు పదేళ్లప్పుడు ఒక సాయంత్రం నాయన షావుకారు వెనక్కిచ్చిన చీర భుజాన వేసుకొని వచ్చాడు. టీవీలో పాట ఇంకా అవుతూనే ఉంది. "ముడి సూడు, ముడి" అంటూ ఆ చీరను అమ్మ ముఖానికి అదిమి పట్టి వీపు మీద తన్నాడు. రాట్నం తలకిందులైంది. జుట్టు చేతికి చుట్టుకొని తలను నేలకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "సౌండు" అంది అవ్వ. పెంచాను. అమ్మను వెల్లకిలా పడేసి రొమ్ము మీద మోకాలు పెట్టి, నూలు పట్టే వేళ్ళను ఒక్కొక్కటే వెనక్కి విరవడం మొదలుపెట్టాడు. చిటికెన వేలు విరిగిన శబ్దం అంత సౌండులోనూ నాకు వినిపించింది.

ఆ తర్వాత అమ్మ చేతిలో నాడె ఉంది. మూరెడు కొయ్య, రెండు కొసలకూ ఇనుప మొనలు. అది నాయన ముఖంలో దిగింది. ఎడమ కన్ను. ఆయన పెట్టిన కేకకు మా టీవీ సౌండు చాలలేదు. వీధంతా మా గుమ్మంలోకి వచ్చి పడింది.

కన్ను పోయింది. పోలీసులూ కేసులూ వద్దనీ, మొగుడి కన్ను పొడిచిన ఆడది మాత్రం వీధిలో ఉండకూడదనీ పెద్దమనుషులు తేల్చారు. విరిగిన వేలి గురించి ఒక్కడూ అడగలేదు. వాళ్ళ మీద నాకు ఇప్పటికీ ఉమ్మేయాలని ఉంటుంది. అమ్మ ఎదురుమాట ఒక్కటీ అనకుండా నా చెయ్యి పట్టుకొని తిరుత్తణి బస్సు ఎక్కింది. కొండ కింద పూలంగడిలో పూలు కట్టడానికి కుదిరింది. ఆ వంకర వేలితోనే ఇప్పటికీ కడుతోంది. నాయన ఒంటికన్నుతో నేయలేకపోయాడు. మిల్లు గేటు దగ్గర కాపలా ఉండి, నాలుగేళ్ల కిందట పోయాడు. నేను ఏడవలేదు, ఏడవనందుకు సిగ్గూ పడలేదు.

నన్ను తినేసింది ఇంకొకటి. అన్నేళ్లు తలవంచుకొని తన్నులు తిన్న మనిషికి ఆ ధైర్యం ఎక్కడిదో నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను. నేను చెప్పిన అబద్ధాల వల్లే వచ్చింది. ఆ పిల్ల కొడితే మొగుడు దారికొచ్చాడని మా అమ్మ నమ్మింది, నమ్మి కొట్టింది, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుంది. ఇరవై రెండేళ్లుగా ఈ సంగతి ఆమెకు చెప్పలేదు. చెబితే మళ్ళీ నా ముఖం చూడదని భయం.

సీరియల్ దొరికిందని ఇంట్లో నోరు జారాను. అమ్మ ముఖం వెలిగిపోయింది. "నాకూ పెట్టు మే. ఇప్పుడన్నా కండ్లారా సూస్తా" అంది. ఆదివారం పెడతానన్నాను. చూస్తే నా అబద్ధాలన్నీ బయటపడతాయి. ఆ అమ్మాయి నిజంగా ఒక్కసారైనా చెయ్యి ఎత్తిందేమోనన్న ఆశతో, ఆదివారం లోపల ఎన్ని చూడగలిగితే అన్ని భాగాలు చూశాను.

ఎత్తలేదు. నేను ప్రాణంగా చూసుకున్న అమ్మాయి ప్రతి భాగంలోనూ తన్నులు తింటుంది, తిన్నాక పూజగదిలోకి పోయి కొట్టినవాడి ఆయుష్షు కోసం దీపం పెడుతుంది. ఒక భాగంలో మొగుడు బెల్టుతో కొడతాడు. ఆమె ఆ బెల్టును కళ్ళకద్దుకొని చిలక్కొయ్యకు తగిలిస్తుంది. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోనును ఎదుటి సీటు ఇనుప చట్టానికేసి బాదాను. నా చేతికి ఆ డైరెక్టరు పీక దొరికి ఉంటే ఫోను బతికేది. బండిలో అందరూ నావైపు తిరిగారు. ఏం చూస్తారన్నట్టు నేనూ చూశాను.

అద్దం పగిలి బొమ్మ చచ్చిపోయింది. సౌండు మాత్రం ఇయర్‌ఫోన్లలో వస్తూనే ఉంది. ఎలా ఆపాలో తెలియక అలాగే విన్నాను. తిరువాలంగాడు దాటుతున్నాం. ఒక దెబ్బ పడింది. ఉరుము ఉరిమింది. ఆ వెంటనే గాజుల చప్పుడు, కిందపడ్డ చప్పుడు, నోరు మూసుకొని ఏడ్చే ఒక ఆడమనిషి ఎక్కిళ్ళు. మగవాడి బూట్లు టకటకా నడిచి వెళ్ళిపోయాయి. ఇంకో దెబ్బ, మళ్ళీ అవే ఎక్కిళ్ళు. బొమ్మ చూడాల్సిన పనే లేదు. కొట్టింది ఎవరో, తిన్నది ఎవరో చెవిటివాళ్ళకు తప్ప అందరికీ తెలుస్తుంది. టీవీకి వీపు పెట్టి కూర్చున్న మా అమ్మ చెవిటిది కాదు.

స్టేషన్ నుంచి ఇంటికి ఎలా నడిచానో తెలియదు. అమ్మ పొయ్యి దగ్గర సంకటి కెలుకుతోంది. చెప్పులు కూడా విప్పకుండా అడిగాను.

"మా, ఆ సీరియల్లో ఆ పిల్ల యాన్నాడూ ఎవుర్నీ కొట్టలే. నేను అబద్ధం జెప్పినా. నీకు అప్పుడే తెలుసునా?"

అమ్మ తెడ్డు ఆపలేదు. "తెలీకుండా యాడికి పోతాది? దెబ్బలు తిన్నోళ్ళు ఎట్ల ఏడుస్తారో నాకు తెలీదామే? నువ్వు జెప్పేదానికి సుమ్మా, ఊరికే నవ్వుకొంటా ఉంటి."

"మరి నాయన్ని ఎందుకు కొట్టినావు? నా మాట నమ్మే కదా?"

తెడ్డు ఆగింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"నీ మాట నమ్మియా? అదా నువ్వు అనుకొంటా ఉండేది ఇన్నేండ్లూ?" అంది. తెడ్డు పక్కన పెట్టి చెప్పింది. "నాడె నా చేతిలో యాడుంది? నీ చేతిలో ఉన్నింది. వాడు నా మింద మోకాలు బెట్టుకోని వేళ్ళు ఇరస్తా ఉండాడు. నువ్వు వాని యెనకాల నిలబడుకోని రెండు చేతులతో ఎత్తినావు, నడినెత్తికి. కింద పండుకోని నీ మొగం జూస్తి. ఏడుపు లే, బయం లే. ఆ మొన దిగుంటే వాడు ఆడనే పోయింటాడు. పదేండ్ల పాప నాయన్ని సంపినాదని జనమంతా జెప్పుకోనుంటారు. నీ చేతిలోంచి పెరుక్కోని నేను కొడ్తి."

"నాకు గుర్తు లేదు మా."

"లేకుంటే మంచిదనే నేనూ ఎత్తలే ఆ మాట."

నిజంగానే నాకు గుర్తు లేదు. సౌండు పెంచిన చెయ్యి గుర్తుంది, వేలు విరిగిన శబ్దం గుర్తుంది, ఆ తర్వాత అమ్మ చేతిలో నాడె గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు. ఇన్నేళ్లూ భయంతోపాటు లోపల ఎక్కడో కొంచెం గర్వంగా కూడా ఉండేది, మా అమ్మకు తెగువ నేర్పింది నేనేనని. తెగువ నాదే. దాని శిక్ష మాత్రం ఆమె మోసింది.

"పెరుక్కోని యాడన్నా పారేసుంటే చాలు గదా మా" అన్నాను. "కన్ను పోయేటట్ల ఎందుకు కొట్టినావు? ఊరిడిచి వచ్చే పనే ఉండదు గదా?"

"పారేసుంటే నువ్వు మల్లా పొయ్యి ఎత్తుకోనొచ్చుంటావు" అంది అమ్మ. "అంత కోపం నీకు. నీ కోపం తీరేటట్ల నేను కొట్టాల్సొచ్చినాది."

సంకటి అడుగంటుతోంది. ఆమె మళ్ళీ తెడ్డు అందుకుంది.