అల్లుడుగారి ఖాళీ తుపాకీ

రెడ్డిగూడెంలో మా మామిడితోటకి కోతుల బెడద. మొన్న వేసవిలో మా ఇంజనీరు అల్లుడుగారు మా నాన్నగారి జోడుగొట్టాల తుపాకీని గాల్లోకి ఒకసారి పేల్చి, శుభ్రం చేస్తానని వరండాలో కూర్చున్నారు. గొట్టాలు ఆవకాయకి ముక్కలు కొడుతున్న మా ఆవిడ వైపున్నాయి.

“ముందు నేలకి తిప్పి, తెరిచి చూడండి బాబూ!” అన్నాను.

“ఖాళీదే మామయ్యగారూ! ఇందాకే పేల్చాను కదండీ. వీడియో చూసి అంతా నేర్చుకున్నాను, మీరు నిశ్చింతగా పేపరు చదువుకోండి.”

గొట్టాలు నేలవైపు నొక్కి, తుపాకీ తీసుకుని తెరిచాను. ఒకదాంట్లో పేలిన తూటా డొల్ల, రెండోదాంట్లో నిండు తూటా!

“రెండో గొట్టం అందానికి పెట్టారనుకున్నారా?” అని అరిచాను. మా ఆవిడ చేతిలో కత్తి జారిపోయింది.

నూనె, గుడ్డ తర్వాత సంగతి. తుపాకీని ముందు తెరిచి చూడాలి. ఇప్పటికీ అల్లుడుగారు ఖాళీ కాఫీగ్లాసు ఇచ్చినా, మా ఆవిడ లోపలికి తొంగిచూశాకే అందుకుంటుంది.