ఆరు క్వేజార్లు, చిచ్చా బొటనవేలు

ఆ రోజుల్లో ఆకాశంలో నాకు తెలియని విషయమంటూ లేదు. భూమ్మీద సంగతులే కాస్త తక్కువ తెలిసేవి. ఎమ్మెస్సీ ముగించి, హైదరాబాదులో పరిశోధన సీటు కోసం ఒక మేడమ్ దగ్గర ఆరు నెలలు పరీక్షగా పనిచేస్తున్నాను. (సీటు రాకపోతే మా ఊరు పెబ్బేరుకు తిరిగెళ్లి ట్యూషన్లు చెప్పుకోవడమే.) ఆమె నాకిచ్చిన పని, రేడియో తరంగాలు వెదజల్లే క్వేజార్లు ఏ గెలాక్సీల్లో కాపురముంటున్నాయో చూడటం. క్వేజార్ అంటే దూరపు గెలాక్సీ నడిబొడ్డున, నల్లబిలం చుట్టూ పుట్టే వెలుగు. ఆ వెలుగు జోరుకు చుట్టూ ఉన్న గెలాక్సీయే కనపడదు. అందుకని మామూలు నక్షత్రం ఒకదాన్ని నమూనాగా పెట్టుకుని, ఆ తీరు వెలుగునంతా క్వేజార్ ఫొటోలోంచి తీసేయాలి. మిగిలిన మసకే గెలాక్సీ. నేను ఆరింటికి తీసేశాను, ఆరింటికీ మసక మిగిలింది. మేడమ్‌కు చూపించడానికి ఇంకా రెండు రోజులున్నాయనగా, ఇంట్లోవాళ్ల పొగడ్తలు ముందుగా వసూలు చేసుకుందామని ఫొటోలతో పెబ్బేరు బస్సెక్కాను.

మా చిచ్చా, అంటే నాన్న తమ్ముడు, పశువుల సంతలో బేరాలు కుదిర్చే దలాల్. ఏ ఎద్దును చూడాలన్నా ముందు దాని రంగు కొమ్ముల మీద తువ్వాలు కప్పేసి, తర్వాతే నడుమూ కాళ్లూ చూసేవాడు. అలవాటు చొప్పున నా ఫొటోల్లోనూ నడిమధ్యన బొటనవేలు అడ్డం పెట్టి ఒక్కొక్కటే చూశాడు.

"ఏంది బేటీ, ఆరిటికీ మోపురం ఎడమదిక్కే ఒరిగింది? ఒక్క తల్లికి పుట్టినా గిట్ల ఉండయి."

"చిచ్చా, అవి కోట్ల కాంతి సంవత్సరాల దూరంల ఉంటయి. నీకు తెల్వదు."

"దూరముంటే ఉండనియ్. చూసింది నువ్వొక్కదానివే కద? జర నీ దిక్కు చూసుకో."

నాకు ఒళ్లు మండింది. అన్నం కూడా సరిగ్గా తినలేదు. కానీ ల్యాప్‌టాప్ తెరిచి చూసుకుంటే తప్పు నాదేనని తేలింది. నమూనాకు నేను ఎంచుకున్నది ఫొటోలన్నింటిలోకీ బాగా మెరిసే నక్షత్రం. దాని వెలుగును కెమెరా పట్టలేక కుడిపక్కకు ఒలకబోసింది. దాంతో కుడివైపు ఎక్కువగా, ఎడమవైపు తక్కువగా తీసేశాను; ఎడమన మిగిలిపోయిన క్వేజార్ వెలుగే ఆరుచోట్లా గెలాక్సీ వేషం కట్టింది.

చెబితే చిచ్చా నవ్వలేదు, అదే నయం. "సంతల కూడ కొత్తోళ్లు రంగేసిన కొమ్ముల ఎంబడే పోతరు," అన్నాడంతే.

తిరిగి వెళ్లి, మరీ మెరవని, బుద్ధిమంతురాలైన నక్షత్రాన్ని వెతుక్కుని లెక్కంతా మళ్లీ చేశాను. రెండింటికి ఏమీ మిగల్లేదు. నాలుగింటికి మాత్రం నున్నగా, కోడిగుడ్డు ఆకారంలో, పెద్ద పెద్ద గెలాక్సీలు బయటపడ్డాయి. మేడమ్ ముందు మొదటి ఆరూ తప్పని నేనే ఒప్పుకున్నాను. ఆమె తప్పుడు ఫొటోలనే ఎక్కువసేపు చూసి, సీటు ఇచ్చింది.

నివేదిక చివర కృతజ్ఞతల్లో "అనుభవజ్ఞుడైన ఒక పరిశీలకుడికి" అని రాశాను. అందులో తన ఊసుందా అని చిచ్చా అడిగితే ఆ మాట మీద వేలు పెట్టి చూపించాను. "మస్తు పెద్దోన్ని చేసినవ్ బేటీ," అని మురిసిపోయి, సంతలో అందరికీ చూపించుకున్నాడు. ఆయనను పెద్దవాణ్ణి చేద్దామని కాదు, దలాల్ అని రాయడానికి సిగ్గుపడి అలా రాశాను. ఈ సంగతి ఆయనకు నేటికీ చెప్పలేదు. చెబితే ఆయన సంతోషం కూడా తీసేసినట్టవుతుందని భయం.