విచ్చినవి పుట్టకి

నా చిన్నప్పుడు ఉరుము ఉరిమిన మర్నాడు మా ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ నిజం చెప్పేవారు కాదు. పుట్టల దగ్గర మొలిచే తెల్ల గొడుగులు, పుట్టకొక్కులు, ఎక్కడ దొరుకుతాయో ఎవరి చోటు వాళ్ళకే తెలుసు. అన్నదమ్ములకైనా చెప్పరు. ఎండెక్కితే విచ్చుకుపోతాయని తెల్లారేసరికే వెళ్ళి, కొంగులో దాచుకుని వచ్చేవారు.

పక్కింటి పెద్దమ్మకీ పెదనాన్నకీ అలాంటి చోటొకటి ఉండేది. ఒక ఏడు వానలకు ముందే పెదనాన్న పోయాడు. పెద్దమ్మ మూల కూర్చుంది. మా అమ్మ అన్నం పట్టుకెళితే పళ్ళెం అలాగే తిరిగొచ్చేది. ఆవిడ కూడా పోతుందేమోనని నాకు భయం.

ఉరుములతో వాన పడిన మర్నాడు అమ్మ నన్ను లేపి, పెద్దమ్మ దగ్గరికెళ్ళి పుట్టకొక్కులు కావాలని ఏడవమంది. ఎందుకో చెప్పలేదు. ఏడవడం నాకు బాగా వచ్చు. చివరికి పెద్దమ్మ ముసుగు కప్పుకుని, ఎవరికీ ఎదురు పడకుండా పెరటి దారిన నన్ను తీసుకుపోయింది.

జీడితోట వెనక పుట్ట, దాని చుట్టూ తెల్లగా మొగ్గలు. నేను గబగబా అన్నీ పీకబోతే చెయ్యి పట్టుకుంది.

"పుట్టని కెలకకే అమ్మీ. మొగ్గలు తియ్యి. గొడుగిప్పి ఇచ్చుకున్నవి పుట్టకి ఒగ్గెయ్. మీ పెదనాన్న అలాగే ఒగ్గేసేవోడు."

ఆ మాట అని అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన పోయాక ఆవిడ ఏడవడం అదే మొదలు. ఇంటికొచ్చి కూర వండి నాకు పెట్టింది. నువ్వు తింటేనే తింటానన్నాను. అది అమ్మ నేర్పింది కాదు. ఇద్దరం తిన్నాం.

ఇప్పుడు సింగపూర్‌లో, యూ టీ అనే పేటలో, మా అమ్మాయి ఫ్లాట్‌లో ఉంటున్నాను. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నాకూ ముద్ద దిగడం లేదు. ఇక్కడా ఉరుములకేం లోటు లేదు. వాన వెలిశాక కింద గడ్డిలోనూ ఏవో తెల్లగా మొలుస్తాయి. పరాయి నేల, తినేవేవో నాకు తెలీదు, ముట్టుకోను. నిన్న మనవరాలు కొట్లో కొన్న డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టి, ఇక్కడివాళ్ళలాగే మాట చివర 'లా' తగిలించి అడిగింది.

"అమ్మమ్మా, మష్రూమ్ కూర చెయ్ లా. యూ ఈట్, దెన్ ఐ ఈట్."

ఏడవాలని చూసింది కానీ దానికి సరిగ్గా రాలేదు. నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న మా అమ్మాయి అప్పుడు వంటింటి గుమ్మంలో అటు తిరిగి నిలబడింది. ఎవరు నేర్పారని నేను అడగలేదు.

డబ్బాలో అన్నీ మొగ్గలే. వదిలెయ్యడానికి విచ్చినది ఒక్కటీ లేదు. అందుకని కూర ఉడికాక ఒక గరిటె మా ఆయనకని పక్కన తీసిపెట్టి, పిల్లతోపాటు కూర్చున్నాను. పోయినవాళ్ళకి కొంచెం ఉంచాలి, ఉన్నవాళ్ళు తినాలి. నాకొచ్చిన చదువు అదొక్కటే.