ఎగరదని రాసిచ్చిన విమానం

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. ఎవరైనా కాదంటే అవుననిపించేదాకా నిద్రపట్టేది కాదు. పైగా ఖరగ్‌పూర్ మొత్తానికి సొంత విమానం ఉన్న తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. (కుర్రవాణ్ణంటే అరవై ఒకటి నడుస్తోంది. రైల్వే వర్క్‌షాపులో రిటైరై పది నెలలైంది. డ్యూటీకి వెళ్లక్కర్లేని మొదటి సోమవారం నాడు మనిషికి రెండోసారి కుర్రతనం వస్తుంది. అది మొదటిదానికన్నా ప్రమాదం.) ఆ విమానాన్ని నా చేతులతో నేనే తయారుచేశానని మా తాల్‌బగీచా కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లకి అలా చెప్పింది నేనే. నిజానికి అది మూతబడ్డ ఒక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్లు వదిలించుకున్న రెండు సీట్ల బుల్లి విమానం. అల్యూమినియం గొట్టాలు, గుడ్డ రెక్కలు, వెనకాల ఒక పంకా. లారీలో ముక్కలుగా వచ్చింది. నేనూ, బావా కలిసి మా పెరట్లో బిగించాం. 'నేనూ' అన్నది కూడా కొంచెం ఎక్కువే. నేను స్పానర్లు అందించాను.

బావంటే మా ఆవిడకి అన్నయ్య. వర్క్‌షాపులో క్రేను డ్రైవరు. షెడ్డు కప్పు కింద, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పట్టాల మీద తిరిగే పెద్ద క్రేను అది. దాని గదిలో కూర్చుని, టన్నుల బరువును నిద్రపోయే పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, లేపకుండా దించేవాడు. కింద నిలబడి సైగలు చేసేవాణ్ణి నేను. అరచెయ్యి పైకి ఆడిస్తే ఎత్తు, కిందికి ఆడిస్తే దించు, పిడికిలి బిగిస్తే ఆపు. ఆ సుత్తుల మోతలో మాట వినపడదు కదా. ముప్ఫై ఏళ్లు మా ఇద్దరి సంభాషణా చేతులతోనే జరిగింది. పండక్కి భోజనానికి పిలిస్తే, అన్నం చాలనడానికి కూడా బావ పిడికిలే చూపించేవాడు.

ఒకరోజు కళ్ల డాక్టరు దగ్గర్నుంచి తిన్నగా మా ఇంటికొచ్చాడు. ఒక కన్ను అప్పటికే పోయిందట, రెండోదానికి ఏడాదికి మించి హామీ ఇవ్వలేనన్నారట. మా ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లాక, "ముప్పయ్యేల్లు ఆ సెడ్డు రేకుల్ని కిందనుంచే సూసినాను బావా. ఒక్కపాలి పైనుంచి సూడాలనుంది" అన్నాడు. అప్పుడు మార్చి నెల. వచ్చే విశ్వకర్మ పూజ నాటికి నిన్ను పైకి లేపుతానని మాటిచ్చేశాను. పూజ సెప్టెంబర్లో కదా, బోలెడు టైముందనుకున్నాను. విమానం వచ్చింది అందుకు. నడిపేది నేనేనని కాలనీలో చెప్పుకున్నాను కూడా. (స్టూలెక్కి బల్బు మారిస్తేనే నాకు కళ్లు తిరుగుతాయి. నడపవలసింది ఆ క్లబ్బులో ఒకప్పుడు పాఠాలు చెప్పిన కేప్టెన్ దాదా. వెనక సీట్లో బావ. నేను కింద నిలబడి చెయ్యూపాలని ఏర్పాటు.)

విమానం బిగించడానికి రెండు నెలలు పట్టింది. కాయితాలు బిగించడం మొదలుపెట్టాక తెలిసింది, విమానమన్నది ఫైలుకి తగిలించే చిన్న వస్తువని. విమానాల ఆఫీసు కలకత్తాలో ఉంది. పొద్దున్న లోకల్లో ఎన్నిసార్లు వెళ్లానంటే, ఉలుబేరియాకి వెళ్లే కూరల దీదీ నాకోసం కిటికీ సీటు ఆపేది. ఎగరడానికి యోగ్యత పత్రం కావాలంటే విమానం నా పేర ఉండాలి. నా పేరకి మారాలంటే క్లబ్బు సంతకం కావాలి. క్లబ్బేమో లేదు. 'అయితే క్లబ్బు లేదని క్లబ్బు లెటర్‌హెడ్ మీద రాయించుకు రండి' అన్నారు. (అంత మాట అనలేదు. పాత సెక్రటరీ చేత అఫిడవిట్ ఇప్పించమన్నారు. కానీ ఆయన్ని వెతికి పట్టుకోడానికి పట్టిన నెల రోజుల్లో నాకు అలాగే వినపడింది.) పక్కనే వాయుసేన స్థావరం ఉంది కాబట్టి వాళ్లకి అభ్యంతరం లేదన్న చీటీ కావాలి. సాలువా అవతల మేం దించుదామనుకున్న బీడు ఒక రైతుది కాబట్టి ఆయన ఒప్పుకోలు కావాలి. ఆయనకి ముగ్గురు తమ్ముళ్లు కాబట్టి ఆ ముగ్గురివీ కావాలి. మూడోవాడికీ పెద్దవాడికీ మాటల్లేవు. ఖాళీ విమానం బరువెంతో తూయించిన రసీదు కావాలి. రైస్ మిల్లులో లారీలు తూచే కాటా మీదికి తోసుకెళ్తే, గాలి వీచినప్పుడల్లా విమానం బరువు తగ్గేది. వీటన్నిటినీ ప్రేమ్ బజార్లో జిరాక్సు కొట్టు దీదీ ఒక్కొక్కటే స్కాన్ చేసి కంప్యూటర్లోకి ఎక్కించేది. కంప్యూటరు ఒక్కొక్కటే తిప్పి పంపేది. ఫోటోలు కావాలంటే తీయించి పంపాను. వాగన్ల మీద రాసే అలవాటుకొద్దీ బావ విమానం పక్కన తెల్ల రంగుతో ఖరగ్‌పూర్‌కి గుర్తుగా కేజీపీ అని, బరువు, మళ్లీ షెడ్డుకి రావలసిన తేదీ వేశాడు. ఆఫీసులో చిన్నాఫీసరు ఆ ఫోటోని చాలాసేపు చూసి, దీన్ని ఏ ఇంజనుకి తగిలిస్తారని అడిగాడు.

ఆ చిన్నాఫీసరు మంచివాడు. అదే నా చావుకొచ్చింది. కసిరితే కసిరేవాణ్ణి. నన్ను 'కాకూ' అని, అంటే బాబాయని, పిలిచి, మంచినీళ్లిచ్చి మరీ కాయితం తిప్పి పంపేవాడు. ఆగస్టు చివర్లో, ఫైలంతా కుదిరిందన్న రోజున, 'లాగ్‌బుక్ తెచ్చారా కాకూ' అన్నాడు. సగర్వంగా ఇచ్చాను.

ఇక్కడ నా జబ్బొకటి చెప్పాలి. వర్క్‌షాపులో పరీక్షల రిజిస్టరు కొన్నాళ్లు నా చేతిలో ఉండేది. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఫైలు వారం వెనక్కి వెళ్తుందన్న భయం నాకు ఒంట్లో దిగిపోయింది. పెరట్లో ఇంజను స్టార్టు చేసి ఇరవై నిమిషాలు నడిపించిన రోజున (పైకి లేచినవి మా అరటి ఆకులు మాత్రమే) లాగ్‌బుక్కులో గడులన్నీ ఖాళీగా నన్నే చూశాయి. ఉండబట్టలేక నింపేశాను. 'ట్రయల్: ఇరవై నిమిషాలు. ఎత్తు: అయిదు వందల అడుగులు. అదురు లేదు. ఓకే.' కింద సంతకం. ఎలాగూ ఎగురుతుంది కదా, ముందే రాస్తే పనైపోతుందనుకున్నాను.

అది చదివి, "ఎగిరిందా కాకూ?" అన్నాడు ఆ అబ్బాయి మెల్లగా.

అప్పుడైనా నిజం చెప్పి ఉంటే ఏమయ్యేదో. నా నోరు నన్నడక్కుండానే, "బ్రహ్మాండంగా" అనేసింది.

అతను పెన్నుకి మూత పెట్టేశాడు. "పర్మిషన్ లేకుండా ఎగిరిందంటే కేసు. ఎగరలేదంటే ఈ పుస్తకం అబద్ధం. మీరే చెప్పండి, ఏది రాయను?"

అబద్ధమే రాయమన్నాను. అబద్ధపు పుస్తకం మీద ఏ ఇన్‌స్పెక్టరూ సంతకం చెయ్యడనీ, మళ్లీ మొదటి కాయితం నుంచి రావాలనీ, కనీసం ఏడాది పడుతుందనీ చెప్పాడు. కేసు లేకుండా ముగించాలంటే ఇక్కడే ఒక హామీ రాసిచ్చి ఫైలు మూయించుకోవచ్చన్నాడు. బావ కంటికి ఏడాది లేదు. ఆ బల్ల మీదే రాశాను: 'ఈ విమానం ఇంతవరకు ఎగరలేదు. ప్రస్తుత స్థితిలో ఎగరజాలదు. దీన్ని నేను ఎగరనివ్వను.' నా జీవితంలో పిసరంత కూడా పెంచకుండా రాసిన కాయితం అదొక్కటే. అతను దాన్ని ఒక్కసారికే తీసుకున్నాడు.

తిరుగు రైల్లో పాంశ్‌కుడా వచ్చేసరికి బావకి చెప్పడానికి మూడు కథలు తయారయ్యాయి. కేప్టెన్ దాదాకి టైఫాయిడు అన్నది వాటిల్లో బాగా కుదిరింది. ఇంటికొచ్చేసరికి బావ పెరట్లో విమానం పక్కన పీట వేసుకుని, గొట్టాల్ని చేత్తో తడుముతూ తుడుస్తున్నాడు. టైఫాయిడు గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. నా రాతవల్లే పోయిందని కూడా చెప్పాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "మీ సేతికి కలమిచ్చినోడ్ని అనాల" అని లోపలికి వెళ్లిపోయింది. బావ గుడ్డ మడత పెట్టాడు.

"ఎంతెత్తని రాసినావు?"

"అయిదొందల అడుగులు."

"రాసీసినోడివి, వెయ్యి రాయకపోయినావేటి బావా. సేతిలో పెన్నుండి కూడా పిసినారితనమేటి."

విశ్వకర్మ పూజ నాడు ఊరంతా యంత్రాలకి పూజలు చేస్తారు కనక, ఎగరకపోయినా దానికీ చేశాం. ముక్కుకి బొట్టు పెట్టి, పంకాకి బంతిపూల దండ వేశాం. ఆకాశం నిండా గాలిపటాలు, వేటికీ పర్మిషన్ లేదు. బావ ఎవరి సాయమూ లేకుండా తడుముకుంటూ ఎక్కి వెనక సీట్లో కూర్చున్నాడు. "సైగ సెయ్యి బావా" అన్నాడు. పాత అలవాటుగా ఎదురుగా నిలబడి అరచెయ్యి పైకి ఆడించాను. బావ కదల్లేదు. రెండోసారి ఆడించాక గాని నాకు వెలగలేదు. అప్పుడు, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, చేత్తో కాకుండా నోటితో చెప్పాను. "ఎత్తు." బావ వెనక్కి వాలాడు. "ఎత్తు. ఇంకా ఎత్తు." పెంచడం నాకు వచ్చిన విద్యే కదా. సంకోచం లేకుండా పెంచుకుంటూ పోయి, షెడ్డు రేకులు కనపడుతున్నాయా అని అడిగాను.

"తుప్పట్టిపోనాయి. రంగెయ్యమని సెప్పాల" అన్నాడు బావ, కళ్లు మూసుకునే.

"ఎత్తు" అన్నాను మళ్లీ.

బావ పిడికిలి బిగించి చూపించాడు. "సాలు బావా. మరీ ఎత్తకు. కాయితాల్లేవు."

ఇప్పుడు ఆ రెక్కల మీద మా ఆవిడ సొరపాదు పాకించింది. కాయలు బాగానే కాస్తోంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పెరట్లోకి వచ్చినవాళ్లు, ఇది ఎంత ఎత్తు ఎగిరిందండీ అని అడుగుతూనే ఉంటారు. ఈ వయసులో అబద్ధాలు మానేద్దామనే ఉంటుంది. అయినా లాగ్‌బుక్కులో ఉన్నమాటే చెబుతాను, అయిదు వందల అడుగులని. (బావ పక్కన కూర్చుని ఉంటే మాత్రం వెయ్యి.)