వాకిలి ఉన్న బస్సు

ఎడ్ల పందేల రెండో రోజు మధ్యాహ్నం మా పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న లేవట్లేదురా" అంది. భోంచేసి బస్సులో కాసేపు నడుం వాల్చిన మనిషి అలాగే వెళ్లిపోయారు. పందేల మైదానం మా ఇంటికి దగ్గరే. నేను పరుగున వెళ్లేసరికి మైకులో, ఎప్పుడూ పందెం వ్యాఖ్యానం చెప్పే ఆయన గొంతు కాక ఇంకెవరి గొంతో వినిపిస్తోంది. అప్పుడు నమ్మాను.

ఎడ్ల పందేలు చూసే అలవాటున్న వాళ్లకి ఆయన తెలిసే ఉంటారు. కాకినాడ దారిలోని ఊళ్ల నుంచి కోనసీమ దాకా ఎక్కడ పందెం జరిగినా, మైదానం చివర ఒక పాత నీలం మినీబస్సు ఆగి ఉండేది. రైసుమిల్లులో ఉద్యోగం అయిపోయాక ఆయనా పెద్దమ్మా అందులోనే కాపురం పెట్టారు. పిల్లల్లేరు. సీట్లు పీకించి మంచం, గ్యాస్ పొయ్యి, దేవుడి అర అమర్చుకున్నారు. అద్దె ఇల్లు ఖాళీ చేసిన రోజు "ఇక ఇంటాయన తలుపు కొట్టడు" అని మురిసిపోయారు.

గెలిచిన జతని ఎవరైనా పొగుడుతారు. పెదనాన్న మాత్రం ఆఖరున వచ్చిన జత కోసం మైకు అందుకుని, "రైతుగారూ, వాటిని కొట్టకండి. అవి మీకోసమే పరిగెత్తాయండీ" అనేవారు. ఆగిన ప్రతిచోటా పెద్దమ్మ బస్సు మెట్టు ముందు ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గేసేది. దాన్ని తొక్కకుండా ఆ వయసులో ఆయన మెట్టు మీంచి పక్కకి దూకేవారు. చూసి నవ్వేవాళ్లతో "వాకిలండీ మాది" అనేవారు.

ఆ నవ్వేవాళ్లలో మా మేనత్త ముందుండేది. ఒకసారి భోజనానికి పిలిస్తే బస్సు ఎక్కనే లేదు. "ఇదేంటన్నయ్యా, ఇల్లూ వాకిలీ లేనోళ్లలాగ" అంది. బంధువుల్లో ఒక్కరూ దాన్ని ఇల్లని ఒప్పుకోలేదు. ఆయనకి ఇవ్వాల్సిన శుభలేఖలు కూడా మా ఇంట్లో ఇచ్చి వెళ్లేవారు.

దహనం అయ్యాక పురోహితుడుగారు పంచాంగం చూశారు. "నక్షత్రం మంచిది కాదండి. ప్రాణం పోయిన ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి" అన్నారు.

"పోయింది బస్సులో కదండీ" అన్నారు నాన్న ఆశగా.

"పొయ్యి వెలిగించారు, దీపం పెట్టుకున్నారు. ఇల్లు కాకపోతే ఏంటన్నయ్యా?" అంది మేనత్త. అందరూ తలూపారు.

నాకు ఒళ్లు మండిపోయింది. బతికున్నన్నాళ్లూ పెదనాన్న వినాలని ఆశపడ్డ మాట, చివరికి పెద్దమ్మని బయటికి పంపడానికి పనికొచ్చింది. ఆవిడ కట్టుబట్టలతో దిగింది. నాన్నే తాళం వేశారు.

ఇప్పుడు పెద్దమ్మ మా ముందుగదిలో ఉంటోంది. వానలు మొదలై బస్సు టైర్లు బురదలో దిగబడ్డాయి. మెకానిక్‌ని తీసుకెళ్తే చుట్టూ తిరిగి చూసి, "తూకానికి ఇచ్చెయ్యండి, ఇది ఇక కదలదండి" అన్నాడు.

"గడువు అయ్యాక తాళం తీద్దాంలే పెద్దమ్మా" అన్నాను.

"తీసి ఏం చెయ్యనురా? నాకు నడపడం రాదుగా" అంది.

 

అయినా రోజూ పొద్దున్నే మైదానానికి వెళ్తుంది. మెట్టు ముందు మొలిచిన గడ్డి పీకి, ఊడ్చి, నీళ్లు చల్లుతుంది. ముగ్గు డబ్బా లోపలే ఉండిపోయింది. ఆ తడి నేలని తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చేస్తుంది.