కోడంబాక్కంలో సెట్ అనే మాట

పెళ్ళై కోడంబాక్కం వచ్చిన కొత్తలో నాకు తమిళం ఒక్క ముక్క రాదు. చుట్టూ వినిపించే మాటల్లో నాకు తెలిసినట్టు అనిపించేది ఒక్కటే, సెట్. హోటల్లో మెత్తటి దోశలు జతగా తెచ్చిపెడితే సెట్ దోశ. పక్కింటావిడ కొడుక్కి సంబంధం కుదిరితే "సెట్ ఆయిడుచ్చు" అని నవ్వింది. మేడ మీద వేసిన సిమెంటు సెట్ అయ్యేదాకా ఎక్కొద్దని మేస్త్రీ చేతులు ఊపి మరీ చెప్పాడు. బళ్ళో లెక్కల మాస్టారు చెప్పిన సెట్ మాత్రం ఆ ఊళ్ళో ఎక్కడా తగల్లేదు.

మా మామగారికి సెట్ అంటే సినిమా సెట్టే. స్టూడియోల్లో ప్లైవుడ్ గోడలకు రంగులు వేయడం ఆయన పని. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, వాళ్ళ కుటుంబం తరతరాలుగా తమిళదేశంలోనే ఉంది. అత్తగారు నేను రాకముందే పోయారు. మావారు ఊరికి ఆ చివరనున్న మనలిలో రిఫైనరీ ఉద్యోగానికి తెల్లారకముందే బయలుదేరేవారు. ఇక పగలంతా నేనూ, కిటికీ, దూరంగా కరెంటు రైళ్ళ చప్పుడూ. గోదావరి పక్కన పుట్టి పెరిగిన నాకు ఆ ఎండ కూడా పరాయిదిగా ఉండేది.

ఒక సాయంత్రం ఫోన్లో, "ఈ ఊరు నాకు సెట్ కాదే అమ్మా" అన్నాను. గుమ్మంలో చెప్పులు విడుస్తున్న మామగారు విన్నారు. మర్నాడు టిఫిను డబ్బా అందుకుంటూ, "నువ్వూ రా మా. ఆడ మీ ఊళ్ళ మాదిరి ఇల్లొకటి వేస్తా ఉండాం. చూద్దువు" అన్నారు.

వెళ్ళాను. స్టూడియోలో గోడౌన్ లాంటి పెద్ద ఫ్లోర్ మధ్యలో, మసక వెలుతురులో, అచ్చం మా వైపు పెంకుటిల్లు. రెండు వైపులా అరుగులు, చెక్క స్తంభాలు. గబగబా మెట్లెక్కి తలుపు తోశాను. లోపల గది లేదు. గోడను నిలబెట్టిన సరుగుడు కర్రలు, వాటి నీడన కూర్చుని పెరుగన్నం తింటున్న ఎలక్ట్రీషియను.

"ఎనకాల ఏం లేదు మా. కెమెరా చూసేంతవరకే ఇల్లు" అన్నారు మామగారు.

ఆయన కుంచె చేత్తో పట్టుకుని ఆ గోడనే చూస్తూ నిలబడ్డారు. "అంతా సరిగ్గానే ఉండాది. అయినా మనుషులున్న ఇల్లు మాదిరి లేదు. ఏంది తక్కువ?" తనలో తనే అనుకుంటున్నట్టు అడిగారు.

"మా తాతయ్య అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చునేవారండీ. తల ఆనే చోట గోడంతా నూనె మరక" అన్నాను.

ఆయన ఇటు తిరిగారు. "ఎంత ఎత్తులో?"

అరుగు మీద కూర్చుని తల ఆనించాను. నా తల పక్కన సుద్దముక్కతో చిన్న గీత పెట్టారు. మట్టిరంగులో కాస్త నూనె కలిపి గుడ్డతో అద్దారు. చూస్తుండగానే అక్కడ ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టయింది. ఆ తర్వాత నా నోరు ఆగలేదు. తాంబూలం వేసుకునేవాళ్ళు వేలికి మిగిలిన సున్నం తలుపు పక్కనే రాస్తారండీ అన్నాను. పిల్లలు పట్టుకు వేలాడే స్తంభం నున్నగా ఉంటుందండీ అన్నాను. నేను చెబుతుంటే ఆయన చేస్తూ పోయారు. కొన్ని మరకలు నాచేత పెట్టించారు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళారు. నేను అరుగు మీదే ఒరిగాను. పెద్ద ఫ్యాను గాలికి ఎక్కడో పరదా కొట్టుకుంటోంది. అది మా రేవులో తెరచాప చప్పుడులా వినిపించింది. వంటింట్లో అమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది. లేని వంటింట్లోంచి ఇంగువ వాసన వచ్చింది. ఆ ఊరు వచ్చాక అంత హాయిగా నిద్రపోవడం అదే మొదలు.

కళ్ళు తెరిచేసరికి ఆర్ట్ డైరెక్టరు గోడ ముందు నిలబడి ఉన్నాడు. సున్నం మరకను వేలితో తాకబోయి, మానేశాడు. మామగారిని, నాకూ అర్థమయ్యే తేలికపాటి తమిళంలో, ఇది ఎవరి ఇల్లని అడిగాడు.

"మా కోడలిది" అన్నారు మామగారు.

షూటింగు అయిపోయాక ఆ ఇల్లు విప్పేస్తుంటే చూడటానికి వెళ్ళాను. ఇద్దరు మనుషులు నూనె మరకతో సహా గోడను అడ్డంగా మోసుకుపోయారు. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, రాలేదు.

"రేపు ఆడనే ఆసుపత్రి వేస్తాం. వస్తావా మా?"

"వస్తానండీ."

అలా వెళుతూనే ఉన్నాను. ఇప్పుడు కొత్త గోడలను పాతవాటిలా కనిపించేలా చేయడమే నా ఉద్యోగం. మామగారు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నారు. సాయంత్రం నేను రాగానే కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "ఈ పొద్దు ఏం ఇల్లు?" అంటారు. రంగు చెబుతాను, కిటికీలు చెబుతాను. కళ్ళు మూసుకుని వింటారు.

"తలుపు యా పక్కకి తెరుచుకుంటాది?"

ఎడమకండీ అంటాను. మూసిన కళ్ళు తెరవకుండానే చేత్తో ఆ తలుపు తోస్తారు. ఆ ఇంటి లోపలికి వెళ్ళారని తెలిసి, నేను చప్పుడు చేయను.